ఆ పాట నాది కాదని ఎవరూ చెప్పలేదు

మా ధవళేశ్వరంలో పుట్టిన ఒక సంగీత నాటకం మెట్టు మెట్టుగా ఎదిగి రాజమండ్రి పెద్ద ఆడిటోరియం దాకా వెళ్ళింది. పుట్టినప్పుడు అందులో నేను నాయికని. అది పెద్దదవుతున్నకొద్దీ అందులో నేను చిన్నదాన్నవుతూ వచ్చాను. ఈ సంగతి రచయితకి తెలుసు, డైరెక్టరుకి తెలుసు, రిహార్సళ్ళకి టీ తెచ్చే ఆయనకి కూడా తెలుసు. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. మా వైపు వాళ్ళు మర్యాదస్తులు.

నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఆదివారాలు మా లూథరన్ చర్చి క్వైర్‌లో పాడతాను. యాభై దాటాయి. నాటకాల గురించి అప్పటికి నాకు తెలిసిందల్లా స్కూలు వార్షికోత్సవంలో పిల్లల మీసాలు ఊడిపోకుండా అంటించడం. అలాంటి దాన్ని ఇందులోకి లాగింది మా వీధిలోనే ఉండే రచయిత గారు.

ఆయన ఇరిగేషన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్. లంచ్ టైములో కూర్చుని నాటకం రాశారు. కథ చిన్నదే. డెల్టా చివర, సముద్రానికి దగ్గరలో ఒక శివారు ఊరు. కాలువ నీళ్ళు అక్కడిదాకా రావు. నారుమడి ఎండిపోతుంటే ఒక రైతు భార్య, పాతికేళ్ళ పిల్ల, నీళ్ళెందుకు రావట్లేదో అడగడానికి కాలువ గట్టు పట్టుకుని ఎగువకి నడుస్తుంది. దారిలో కాలువకి గేట్లుండే ఒక్కో లాకు దగ్గర ఒక్కో మనిషి, ఒక్కో పాట. చివరికి ఆనకట్ట దగ్గరికి వచ్చి, మనుషులెవరూ సరైన జవాబు చెప్పలేదని గోదావరినే అడుగుతుంది. ఆ పాటే నాటకానికి ప్రాణం.

రచయిత గారు ఉద్యోగంలో ఉన్న మనిషి కాబట్టి, మొదటి ప్రతిలో నీళ్ళు రాకపోవడానికి ఎవరూ కారణం కాదు. గేట్లు ఎత్తే లస్కరు మంచివాడు. ఇంజనీరు మంచివాడు. పై ఆఫీసరు దేవుడు. "ఇంతమంది మంచివాళ్ళుంటే నీళ్ళెటు పోయాయండీ?" అని మా వారు అడిగారు. అది పాటలో వస్తుందండి, అన్నారాయన.

డైరెక్టర్ గారు హైదరాబాద్‌లో నాటకాల కోర్సు చదివి, అక్కడే కొన్నాళ్ళు పనిచేసి తిరిగొచ్చిన కొవ్వూరు కుర్రాడు. కుర్రాడైనా మేమంతా గారు అనే అంటాం. బాణీలు కట్టే పని కూడా ఆయనదే. సంగీత నాటకం ఒక్కసారిగా స్టేజీ ఎక్కదని ఆయన మొదటిరోజే చెప్పారు. ముందు కుర్చీల్లో కూర్చుని చదవాలి, పాడాలి. తర్వాత వేషాలూ తెరలూ లేకుండా కొద్దిమంది ముందు వేయాలి. తేలిపోయినదాన్ని తీసేసి మళ్ళీ వేయాలి. దాన్ని వర్క్‌షాప్ అంటారట. అలా వడపోయగా వడపోయగా మిగిలినదానికే సెట్టింగులూ లైట్లూ. "చెడగొట్టుకోవాల్సిందంతా ఇప్పుడే చెడగొట్టుకోవాలండి," అన్నారు.

మొదటిసారి చదివింది మా చర్చి వెనక సండే స్కూలు హాల్లో. నన్ను నాయికగా తీసుకోవడానికి కారణం, హాలు తాళంచెవి నా దగ్గర ఉండటం. కుర్చీలో కూర్చుని చదివేటప్పుడు వయసుతో పనిలేదు. గోదావరి పాట దగ్గరికొచ్చేసరికి బాణీ ఇంకా కుదరలేదు. డైరెక్టర్ గారు కీబోర్డు మీద శ్రుతి పట్టుకుని, "మీకు తోచినట్టు పాడెయ్యండి మేడమ్, తర్వాత చూసుకుందాం," అన్నారు. పాడాను.

*గట్టు ఎంబడే నడిచొచ్చాను గోదారీ,*
*నా గడపదాకా రాలేవా ఒక్కసారి?*

ఆయన ఫోన్లో రికార్డు చేసుకున్నారు. మర్నాటికి అదే బాణీ అయింది. పోస్టరు మీద సంగీతం అన్నచోట ఆయన పేరే ఉంది, దాని గురించి నేనేమీ అనను. ఇన్నేళ్ళూ పదిమంది గొంతుల్లో గొంతు కలిపి పాడినదాన్ని. నా ఒక్కదాని గొంతు ఇలా ఉంటుందని నాకే తెలియదు. ఆ పాట నాకు కావాలనిపించింది. అంతకుముందు అంత గట్టిగా నేను కావాలనుకున్నది పెళ్ళైన కొత్తలో మిక్సీ ఒక్కటే.

మొదటి వర్క్‌షాప్‌కి ఊళ్ళో తెలిసినవాళ్ళని పిలిచాం. టీచర్లు, ఆఫీసువాళ్ళు, క్వైర్ వాళ్ళు. నేల మీద సుద్దతో గీతలు గీసి ఇది కాలువ, ఇది గట్టు అనుకోమన్నాం. అందరూ అనుకున్నారు. నాటకం మూడు గంటలు నడిచింది. అయ్యాక డైరెక్టర్ గారు ముందుకొచ్చి, "మొహమాటం లేకుండా చెప్పండి, ఏది బాగాలేదు?" అని అడిగారు.

"చాలా బాగుందండి," అన్నారు అందరూ.

"అది సరేనండి. ఎక్కడ విసుగొచ్చింది?"

రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన లేచి, "విసుగేంటండీ, ఇంటికెళ్ళినా మాకు పనేముంది?" అన్నారు.

హైదరాబాద్‌లో ఇలా అడిగితే జనం చీల్చి చెండాడతారట. ఇక్కడ ఎంత బతిమాలినా ఒక్కరూ ఒక్క తప్పు చెప్పలేదు. పైగా కుర్రాడు దేనికో బెంగపెట్టుకున్నాడని మర్నాడు ఇద్దరు ముగ్గురి ఇళ్ళ నుంచి ఆయనకి క్యారేజీలు వెళ్ళాయి.

దాంతో ఆయన పద్ధతి మార్చారు. రెండోసారి వేసినప్పుడు నాటకం చూడటం మానేసి, హాలు మూల నిలబడి జనాన్ని చూశారు. ఏ పాటకి ఫోన్లు బయటికొస్తున్నాయి, ఎక్కడ కాళ్ళతో చెప్పులు వెతుక్కుంటున్నారు, ఎక్కడ పక్కవాళ్ళ పిల్లల చదువుల గురించి అడుగుతున్నారు. ఒక లాకు దగ్గర సూపర్‌వైజరు తన బదిలీ ఆర్డరు గురించి దుఃఖంగా పాడే పాటకి సగం హాలు టీకి లేచింది. రచయిత గారికి అన్నిటికన్నా ఇష్టమైన పాట అది. తీసేశారు. ఆయన రెండ్రోజులు ఆఫీసుకి సెలవు పెట్టారు. ఆ తర్వాత మనసు రాయి చేసుకుని ఇంజనీరుని కొంచెం చెడ్డవాణ్ణి చేశారు. పై ఆఫీసరు మాత్రం దేవుడిగానే ఉన్నాడు.

నాటకం కుదించుకుపోయి, నునుపు తేలి, నిజంగానే బాగుపడింది. గోదావరి పాటకి ఎవరూ చెప్పులు వెతుక్కోలేదు. పాడుతూ నేనూ వాళ్ళ కాళ్ళే చూస్తున్నాను.

తర్వాతి మెట్టు భీమవరం. ఒక ఇంజనీరింగ్ కాలేజీ సెమినార్ హాల్లో, ఈసారి వేషాలతో, సగం సెట్టింగుతో. రొయ్యల మేత వ్యాపారం చేసే ఒకాయన డబ్బు పెట్టి ఆదుకున్నారు. ఆయన రిహార్సల్ చూసి, "చాలా బాగుందండి. కానీ శివారు ఊళ్ళో ఒక్క చెరువూ లేకపోతే ఎవరు నమ్ముతారండీ?" అన్నారు. నిజమే. కథలో ఒక రొయ్యల చెరువు చేరింది. చెరువుతోపాటు, నీళ్ళలోకి గాలి చిలికే ఏరేటర్ల పాట ఒకటి చేరింది. కాలేజీ కుర్రాళ్ళు ఏరేటర్లకి బదులు గొడుగులు తిప్పారు. జనం ఈలలు వేశారు. సంగీత నాటకంలో ఏది నిలుస్తుందో ముందుగా ఎవరికీ తెలియదని డైరెక్టర్ గారు అన్నారు గానీ, ఆయన ముఖం చూస్తే గొడుగులు నిలవడం ఆయనకి ఇష్టం లేదు.

వేషాలు అనేసరికి నా వయసు బయటపడింది. డైరెక్టర్ గారు నన్ను పక్కకి పిలిచి, "మేడమ్, ఈసారి మీకు చాలా ముఖ్యమైన పాత్రండి," అన్నారు. ఆ మాటతోనే నాకు అర్థమైంది. ముఖ్యమైన పాత్రని ముఖ్యమైనదని ఎవరూ విడిగా చెప్పరు. నాకు ఇచ్చింది నాయిక అత్తగారి వేషం. నాయికగా ఒక కాలేజీ అమ్మాయి స్టేజీ మీద నడిచి, పెదాలు కదిపింది. పాట మాత్రం నేనే తెర పక్కన నిలబడి మైకులో పాడాను. అయ్యాక జనం వన్స్ మోర్ అన్నారు. ఆ అమ్మాయి వంగి దణ్ణం పెట్టింది. తెర పక్కన నేనూ వంగి దణ్ణం పెట్టాను. అక్కడ ఒక టేబుల్ ఫ్యాను తప్ప ఎవరూ లేరు.

ముఖం పోతే పోయింది, పాట ఉంది కదా అని సరిపెట్టుకున్నాను.

భీమవరంలో చూసినవాళ్ళు రాజమండ్రిలో చెప్పడంతో నాటకం అక్కడి పెద్ద ఆడిటోరియానికి ఖాయమైంది. వెనక ఎల్‌ఈడీ తెర మీద గోదావరి పారుతుంది. సంగీతమంతా ముందే రికార్డు చేస్తారు. బాగా ఆడితే విశాఖపట్నం, ఆ తర్వాత హైదరాబాద్. పాడుతూ నటించగల అమ్మాయిని హైదరాబాద్ నుంచి తెస్తున్నారని పేపర్లో చదివాను. మా ఇంటికి పేపరు వస్తుందన్న సంగతి వాళ్ళెవరికీ గుర్తున్నట్టు లేదు.

ఒక సాయంత్రం రచయిత గారు మా ఇంటికొచ్చారు. టీ తాగారు. వరి కోతల గురించి మాట్లాడారు. ఎండల గురించి మాట్లాడారు. రెండో టీ తాగారు. "మీరు లేకపోతే ఈ నాటకమే లేదండి," అన్నారు. "అవునండి," అన్నాను. వెళ్ళిపోయారు. ఇంకో రోజు ఆత్రేయపురం పూతరేకులు పట్టుకొచ్చారు. మళ్ళీ వరి కోతలు. మూడోసారి భార్యని వెంటబెట్టుకుని వచ్చారు. ఆవిడ నా మోకాళ్ళ గురించి అడిగారు.

"అంతసేపు స్టేజీ మీద నిలబడటం కష్టమేమోనండి మీకు?"

"రోజంతా క్లాసులో నిలబడేదాన్నేనండి," అన్నాను.

వాళ్ళు గేటు దాటాక మా వారు, "పాపం ఆయన నోరు రాక చస్తున్నాడు. నువ్వే అడిగెయ్యచ్చుగా," అన్నారు. "వాళ్ళు చెప్పేదాకా పాట నాదే," అన్నాను. ఆయన చివరి పూతరేకు తినేసి టీవీ పెట్టుకున్నారు. నేను వాళ్ళకి ఏ సాయమూ చేయదలచుకోలేదు. చెప్పేందుకు అంత కష్టంగా ఉంటే తీసేయడం మానుకోవచ్చు కదా. ఈలోపు కొత్త ప్రతిలో అత్తగారి పాత్ర కూడా పోయింది. నాకు రేవు దగ్గర ముసలమ్మ వేషం మిగిలింది. "ఎక్కడిదాకా తల్లీ?" అని ఒక్క మాట.

రాజమండ్రిలో మొదటి రిహార్సల్ ఆదివారం మధ్యాహ్నం. చర్చి అయ్యాక బస్సెక్కి వెళ్ళాను. ఆ అమ్మాయి అప్పటికే వచ్చి, స్టేజీ అంచున కూర్చుని డబ్బాలోంచి పెరుగన్నం తింటోంది. నమస్తే ఆంటీ అంది. రిహార్సల్ మొదలైంది. ఒక్కో లాకూ దాటుకుంటూ వెళ్ళాం. రేవు దగ్గర నా మాట నేను చెప్పాను. ఆనకట్ట వచ్చింది. రికార్డు చేసిన సంగీతం మొదలైంది. ఆ అమ్మాయి లేచి నిలబడింది. నేనూ లేచి నిలబడ్డాను.

కావాలనే లేచాను. ఎవరైనా ఆపుతారేమో, ఆపడం కోసమైనా నిజం చెబుతారేమో అని. ఇద్దరం పల్లవి ఎత్తుకున్నాం. డైరెక్టర్ గారు నేల చూస్తున్నారు. రచయిత గారు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని బయటికి నడిచారు. ఎవరూ ఆపలేదు. పల్లవి, చరణాలు, మళ్ళీ పల్లవి, పాట మొత్తం ఇద్దరం కలిసే పాడాం. శ్రుతి ఆ అమ్మాయి గొంతుకి తగ్గట్టు పెంచేశారు. నాకు అందదు. అయినా పట్టుదలతో ఎక్కాను, అది ఎలా ఉండి ఉంటుందో నేను ఊహించగలను. అయ్యాక డైరెక్టర్ గారు, "ఇద్దరూ చాలా బాగా పాడారండి. టీ తాగుదాం," అన్నారు.

టీ దగ్గర ఆ అమ్మాయి గ్లాసు పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"ఆంటీ, ఈ పాట నాదని చెప్పిన్రు నాకు. మీకెవరూ చెప్పలేదా?"

"లేదమ్మా."

"అయితే నేను చెప్తున్న. పాట నాకిచ్చిన్రు ఆంటీ. సారీ."

అంతే. భీమవరం నుంచి నా చుట్టూ తిరుగుతూ, వరి కోతలూ ఎండలూ మోకాళ్ళూ దాటి రాలేకపోయిన మాట, ఆ పిల్ల టీ చల్లారకముందే చెప్పేసింది. నాకు ఏడుపొచ్చింది. అందరి ముందూ ఏడ్చాను. ఆ అమ్మాయి మీద కోపం రాలేదు, ఇప్పటికీ లేదు. మిగతా అందరి మీదా వచ్చింది. పూతరేకుల మీద కూడా వచ్చింది. డైరెక్టర్ గారు దూరం నుంచి చూసి, నాకు బీపీ పెరిగిందనుకుని మంచినీళ్ళు పంపారు.

నేను కళ్ళు తుడుచుకునేదాకా ఆ అమ్మాయి పక్కనే ఉంది. తర్వాత, "ఇంకోటి అడగాలె. గడప అన్నాక మీరు ఆగుతరు కదా, దాకా అనే ముందు. ట్రాక్‌లో కూడా అక్కడ ఖాళీ పెట్టిన్రు. ఎందుకాంటీ?" అంది.

"ఊపిరందక," అన్నాను. అది నా పాత జబ్బు. ఇన్నేళ్ళ సుద్దపొడి. మొదటిరోజు ఫోన్లో రికార్డయిన పాట మీదే అంతా కట్టారు కాబట్టి, నా ఆయాసం కూడా బాణీలో కలిసిపోయింది. మాటని మధ్యలో విరిచానని నేను లోపల సిగ్గుపడుతూనే ఉన్నాను. "నువ్వు కలిపేసి పాడుకో, నీకు ఊపిరి ఉందిగా," అన్నాను.

ఆ అమ్మాయి ఆలోచించింది. "వద్దాంటీ. ఆమె అంత దూరం నడిచొచ్చింది కదా. ఆమెకి కూడా అందదు," అంది. అక్కడే ఆగి, ఊపిరి తీసుకుని, పాడి చూపించింది. నాకెప్పుడూ తోచని సంగతి అది. ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్ళి, గోదారీ అన్నప్పుడు మా వైపు ఎలా సాగదీస్తారో నేర్పాను. నేర్పుతుంటే పాట నా చేతుల్లోంచి వెళ్ళిపోవడం తెలుస్తూనే ఉంది. పాడు పిల్ల, త్వరగా నేర్చుకుంది.

ముసలమ్మ వేషం వేయనని మాత్రం డైరెక్టర్ గారికి నేనే చెప్పాను. మా వైపు అలా మొహాన అనే అలవాటు లేదు. చూద్దామండి అంటాం, వీలు చూసుకుని చెబుతానండి అంటాం. ఆయనకి కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక రాయబారాలు మొదలయ్యాయి. "కోపమొచ్చిందాండీ?" అని ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు. కోపం లేదండి, వేయను, అంతేనండి అని ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. నిజానికి కోపం ఉంది, అది వేరే సంగతి.

చివరికి మొదటి ప్రదర్శన రోజున స్టేజీ మీద నన్ను సత్కరించాలని నిర్ణయించారు. మనిషిని పూర్తిగా పక్కన పెట్టాలంటే మా వాళ్ళకి తెలిసిన పద్ధతి శాలువా. కప్పించుకున్నాక ఇంక ఏమీ అడగడానికి వీలుండదు. ముందు వరసలో మాకు రెండు సీట్లు ఉంచారు. నేను విడిగా టిక్కెట్టు కొనుక్కుని బాల్కనీలో కూర్చున్నాను. మా వారు ఒక్కరే ముందు వరసలో కూర్చున్నారు. నా పేరు పిలిచి, ఎంతకీ నేను లేవకపోయేసరికి శాలువా ఆయనకి కప్పారు. ఆయన రెండు మాటలు మాట్లాడారు కూడా.

బాల్కనీలో నా చుట్టూ శివారు ఊళ్ళ నుంచి మినీ బస్సు కట్టించుకుని వచ్చిన ఆడవాళ్ళు. నా పక్కావిడది నా వయసే. ఒళ్ళో చేతిసంచి పెట్టుకుని, దాన్ని రెండు చేతులా పట్టుకుని నాటకం చూస్తోంది. మధ్యలో ఒకసారి, "ఇది మా లాకేనండీ," అంది నాతో. గొడుగుల పాటకి నవ్వింది. ఇంజనీరు కనపడ్డప్పుడల్లా మూతి తిప్పింది. నాటకం బాగా వచ్చింది. తీసేసినవేవీ నాకు గుర్తుకు రాలేదు, నన్ను తీసేసిన సంగతి కూడా.

గోదావరి పాట వచ్చింది. తెర మీద నది అసలు నది కంటే నీలంగా ఉంది. ఆ అమ్మాయి ఒక్కతే దానివైపు తిరిగి నిలబడి పల్లవి ఎత్తుకుంది. గడప దగ్గర ఆగింది. అక్కడ నాకు తెలియకుండానే నేనూ ఊపిరి తీసుకున్నాను. తీసుకున్న ఊపిరి ఊరుకోదు కదా. చరణం నేనూ అందుకున్నాను. లోపల్లోపల పాడుకుంటున్నానని అనుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. కాసేపు ఆ స్టేజీ మీద నేనే ఉన్నాను, పాతికేళ్ళ దాన్ని, కాలువ గట్టంతా నడిచొచ్చినదాన్ని.

పక్కావిడ నా చేతి మీద చెయ్యి వేసింది.

"ఏమనుకోకండమ్మా, కాస్త ఊరుకోండి. ఆ పిల్ల పాడేది మాకు వినపడట్లేదు."

ఊరుకున్నాను. సండే స్కూలు హాల్లో మొదటిరోజు నుంచి ఆ పాట పాడుతూనే ఉన్నాను గానీ, ఒక్కసారి కూడా వినలేదని అప్పుడు తెలిసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని చివరిదాకా విన్నాను.